మా బండి చచ్చిన బండి కాదు

ఏక్‌బాల్‌పూర్, కలకత్తా
6 జూలై 2025

మరిది గోవిందరాజుకి వదిన అప్పలకొండమ్మ రాయించేది.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుతావు. నవ్వుకో. ఫోన్‌లో నేను ఒక మాట మొదలుపెడితే నువ్వు మధ్యలో దూరి నాలుగు మాటలంటావు, ఆ తర్వాత సిగ్నల్ లేదంటావు. కాగితం మీద నాకు అడ్డం వచ్చేవాడు లేడు. చివరిదాకా చదివి అప్పుడు నోరు తెరువు.

రాస్తున్నది నా కోడలు అరుణకుమారి. మా ఇంట్లో తెలుగు రాయడం వచ్చినది ఆమె ఒక్కతే. నా కొడుకు ఢిల్లీశ్వరరావు ఇక్కడే పుట్టి పెరిగినవాడు కదా, బెంగాలీ పేపరు గడగడా చదువుతాడు గాని తెలుగు అక్షరం కనబడితే కళ్ళద్దాలు తుడుచుకుంటాడు. నేను మాట్లాడేదాన్ని అరుణ బడిలో నేర్చిన భాషలోకి తిప్పి రాస్తుంది. మనుషులు నోటితో అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే రాయమన్నాను. తన మీద నేను చెప్పే చాడీలు కూడా మింగకుండా రాయాలని మా ఇద్దరికీ ఒప్పందం.

సంగతి మీ అన్నయ్య బండి గురించి.

నిన్న జగన్నాథుడి తిరుగు రథం. రథం మా వీధిలోంచి వెళ్ళాలంటే మన తెల్లకారు కాస్త పక్కకి జరగాలి. ఢిల్లీశ్వరుడు తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంది. మళ్ళీ తిప్పితే ఆ టిక్కు కూడా లేదు. అప్పుడు మా వీధి క్లబ్బు కుర్రాళ్ళంతా చేరి నవ్వుతూ తోశారు. మీ అన్నయ్య బైరాగి పోయిన రోజున ఆయన్ని మోసుకెళ్తుంటే ఈ వీధిలో ఎవరూ నవ్వలేదు. ఆయన బండిని తోస్తూ నవ్వారు. గుమ్మంలో నిలబడి అంతా చూశాను.

రథం వెళ్ళాక క్లబ్బు సెక్రటరీ జయదేవ్ వచ్చాడు. "మాసీమా, రాగ్ కోర్‌బేన్ నా" అని మొదలుపెట్టాడు. పిన్నీ, కోపం తెచ్చుకోవద్దు అనేవాడు కోపం వచ్చే మాటే తెస్తాడని నాకు తెలుసు. ఈసారి దుర్గపూజ పందిరి పెద్దదట. చచ్చిన బండ్లు వీధిలో ఉండకూడదట. సెప్టెంబర్‌లో వచ్చే విశ్వకర్మ పూజ నాటికి మన బండి తనంతట తాను కదిలి డాక్ గోడ దగ్గరికి వెళితే, పండగ అయ్యాక మళ్ళీ దాని చోటు దానిదే. కదలకపోతే తుక్కువాళ్ళని పిలుస్తాడట. కాగితాల్లో నీ పేరుంది కనుక నీ సమ్మతి అడుగుతాడట.

"మాది సచ్చిన బండని నువ్వు సెప్తావేటి? దాన్ని లేపి నీ ముందల నడిపించకపోతే నా పేరు అప్పలకొండమ్మ కాదు!" అన్నాను. తెలుగులోనే అన్నాను. అతనికి బాగానే అర్థమైంది.

ఇప్పుడు నా వాదన విను. డాక్‌లో క్రేను నడిపి నడిపి, రిటైరైన రోజున మీ అన్నయ్య కొన్న బండి అది. నడపడం నీకే వచ్చు కనుక నీ పేరున రాయించాడు. నువ్వు ఊరికి వెళ్ళిపోయావు, ఆయన పైకి వెళ్ళిపోయాడు, బండి నా దగ్గర మిగిలింది. అది రోజూ తిరిగేది కాదని నాకూ తెలుసు. మనవాళ్ళు ఎవరైనా ఊరు వెళితే షాలిమార్ స్టేషన్‌కి, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఆసుపత్రికి, అంతే. కాని అది నిలబడ్డ చోటు చూడు. మన సిక్కోలువాళ్ళం ఈ వీధిలో రెండు తరాలుగా ఉంటున్నాం. ఇళ్ళు అద్దెవి. కుళాయి అందరిదీ. ఇది మాది అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క బండి పొడుగు నేల. బండి పోయిన మర్నాడే అక్కడ ఎవరో పాన్ బడ్డీ పెడతారు. ఆ మీదట నేను ఏడ్చినా అది తిరిగి రాదు.

బండిలో ఏ లోపమూ లేదు. చచ్చింది బ్యాటరీ. మీ అన్నయ్య పోయాక ఇది మూడోది. ఎందుకిలా చస్తున్నాయో తెలియడం లేదు. నేను శుక్రవారం శుక్రవారం దానికి చేసే మర్యాద నీకు తెలుసు కదా. కడిగిస్తాను, బొట్టు పెడతాను, నిమ్మకాయ కడతాను, ఆయన పేరు తలుచుకుని పెద్ద లైట్లు వెలిగించి హారతి అయ్యేదాకా దీపంలా ఉంచి, ఒకసారి హారన్ కొట్టించి ఆర్పిస్తాను. కలకత్తాలో ఏ బండికీ ఇంత మర్యాద జరగదు. కొట్లవాళ్ళే పాత సరుకు అంటగడుతున్నారని నా అనుమానం.

నువ్వు లారీలు తోలినవాడివి. ఎప్పుడో గాని కదలని బండికి ఏ బ్యాటరీ వేయించాలో రాయి. జయదేవ్ ఫోన్ చేస్తే ఎత్తకు.

వేలిముద్ర కింద ఉంది. సిరా అరుణ చీరకి కూడా అంటింది, అది వేరే గొడవ.

నీ వదిన
అప్పలకొండమ్మ

---

బారువ
15 జూలై 2025

వదినకి గోవిందరాజు నమస్కారాలు.

నీ ఉత్తరాన్ని పోస్ట్‌మాన్ కోర్టు నోటీసు ఇచ్చినట్టు ఇచ్చాడు. ఈ రోజుల్లో చేత్తో రాసిన కవరు చూసి ఎన్నాళ్ళయిందో అన్నాడు. మా ఆవిడ లలితకుమారి చీరకి సిరా అంటిన ముక్క చదివించుకుని మరీ నవ్వింది. ఇక్కడ జీడితోటలో పందులు పడి చిన్న మొక్కలన్నీ తవ్వేశాయి. నా మోకాలు ఎప్పటిలాగే వానకి ముందే వాన వస్తుందని చెబుతోంది.

ఇక బ్యాటరీ మాట. జీవితమంతా లారీ తోలిన నన్ను అడిగావు కనుక చెబుతున్నాను. బ్యాటరీ అంటే బలం. చిన్న బండి కదా అని చిన్న బ్యాటరీ వేశారు, అందుకే అవి చచ్చాయి. లారీ బ్యాటరీ వేయించు. చిన్న చెంబులో నీళ్ళు గుక్కలో అయిపోతాయి, పెద్ద తొట్టె ఎన్నాళ్ళయినా వస్తుంది. ఇందులో ఆలోచించవలసినదేమీ లేదు. శుక్రవారం మర్యాద మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మానకు. లైట్లు కాసేపు వెలిగితే బ్యాటరీకి ఏమవుతుంది? మా లారీలకి రాత్రంతా వెలిగేవి.

ఇంకో మాట, కోప్పడకు. జయదేవ్ ఫోన్ చేశాడు. ఎత్తాను. నీ ఉత్తరం రాకముందే ఎత్తాను కనుక నా తప్పు లేదు. మర్యాదస్తుడు. నన్ను 'దాదా' అని పిలిచాడు. ఏడాదిలో నాలుగుసార్లు కూడా కదలని బండి కోసం నువ్వు ఈ వయసులో వీధితో తగువు పెట్టుకోవడం నాకూ బాగాలేదు. ఎవరైనా ఊరు వెళ్ళాలంటే ఇప్పుడు ఫోన్ నొక్కితే కారు వస్తుంది. నేను అతనికి అవునని అనలేదు, కాదనీ అనలేదు. నువ్వు కూడా కొంచెం ఆలోచించు.

నీ మరిది
గోవిందరాజు

---

ఏక్‌బాల్‌పూర్
29 జూలై 2025

గోవిందరాజా,

ఫోన్ నొక్కితే వచ్చే కారు ఈ వీధి మలుపు దాకా వచ్చి, వాన నీళ్ళు చూసి, వెనక్కి తిరిగి పోతుంది. ఆ సంగతి బారువలో కూర్చున్నవాడికి తెలియదులే.

ముందు నీ లారీ బ్యాటరీ కథ విను. నువ్వు చెప్పావు కదా అని ఢిల్లీశ్వరుడు డాక్‌లో స్నేహితుడి ట్రైలర్ నుంచి ఒకటి అడిగి తెచ్చాడు, సరిపోతుందో లేదో చూద్దామని. దాన్ని మోసుకొచ్చిన రోజు నుంచి నడుం పట్టుకుని తిరుగుతున్నాడు. బ్యాటరీ కూర్చునే పళ్ళెంలో అది సగమే కూర్చుంది. తీగ దాని తల దాకా అందలేదు. బానెట్ మూతపడలేదు. చివరికి మూతని తాడుతో కట్టాడు నా కొడుకు. వీధి వీధంతా వచ్చి చూసింది. "మాసీమా, ఏ బండికి బ్యాటరీ, ఏ బ్యాటరీకి బండి?" అని జయదేవ్ అడిగాడు. ఆ మాట నీకు పడాల్సింది, నాకు పడింది.

మర్నాడు అరుణని వెంటబెట్టుకుని ఖిద్దిర్‌పూర్ వెళ్ళాను. అక్కడ సమీర అనే ఆడమనిషి తండ్రి పోయాక ఆయన బ్యాటరీ కొట్టు నడుపుతోంది. గల్లా దగ్గర కూర్చుని సమోసా తింటూ, "నానీ, బండి ఎంత తిరుగుతుంది?" అని హిందీలో, అమ్మమ్మని అడిగినట్టు అడిగింది.

"తిరగదు. కూకుంటాది" అన్నాను. అరుణ హిందీలో చెప్పింది.

"అయితే కూర్చునే బండికి తగ్గది కావాలి" అని మూడు రకాలు చూపించింది. ఒకటి మూతలు తీసి నీళ్ళు పోయాల్సినది. ఇంకోటి మూతలే లేనిది. మూడోది కూడా మూతలు లేనిదే గాని, ఊరికే ఉన్నప్పుడు లోపలి బలం మెల్లిగా తప్ప జారిపోదట. లారీది ఎందుకు పనికిరాదని అడిగాను. చిన్న ఇంజను అంత పెద్దదాన్ని ఎప్పటికీ నింపలేదట, సగం కడుపుతో కూర్చున్న బ్యాటరీ అలాగే పాడైపోతుందట. చూశావా, నీ పెద్ద తొట్టెకి నీళ్ళు పోసేదెవరో నువ్వు రాయలేదు.

మూడో రకం నాకు నచ్చింది. కాని ఆమె చేతికిచ్చినదాన్ని తీసుకుంటానా? తిరగేసి, తయారైన తేదీ ఎక్కడుందో అరుణ చేత వెతికించాను. అది కిందటేడు దసరా నాటిది. ఇన్నాళ్ళూ అలమారలో కూర్చుని ముసలిదైపోయిన సరుకు. "మొప్పలు సూడకుండా సేపని కొన్నదాన్ని కాదే నాను. ఎనకనుంచి తాజాది తియ్" అన్నాను. అరుణ ఈ మాటని హిందీలోకి తిప్పలేక నవ్వింది. సమీరకి తిప్పకుండానే తెలిసింది. తాజా సరుకు వచ్చే వారం వస్తుందంది.

అయినా నేను కొంటానని మాట ఇవ్వలేదు. మూడు చచ్చిన ఇంటికి నాలుగోదాన్ని చావుకి తీసుకురానా? ముందు చంపుతున్నదెవరో తేలాలి.

ఈ మాట రాయిస్తుండగా అరుణ దగ్గింది. అప్పుడు జరిగినది జరిగినట్టు రాయమన్నాను.

"ఏటే ఆ దగ్గు?"

"ఏటీ నేదత్తా."

"ఏటీ నేకపోతే కలం ఎందుకాగింది?"

"శుక్కురారం దీపం..."

"దీపం ఏటి సేసింది నిన్ను?"

"నన్నేటీ సెయ్యనేదు. ఇంజను ఆడకుండా లైట్లు ఎలిగిస్తే ఆ కరెంటంతా బ్యాటరీలోంచే పోతాది. మల్లీ నింపాల్సింది ఇంజను. మనం బండి తిప్పం. వారం వారం తోడుకోడమే గాని పొయ్యడం నేదు."

"మీ మావ దీపం ఆయన బండినే సంపేసిందంటావా?"

"నానలా అననేదు. నువ్వే అన్నావు."

ఆ పూట మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. రాత్రి పడుకుని ఆలోచించాను. ఊరికే తిట్టి నోరు మూయించడం నా పద్ధతి కాదు, ఓడించి మూయిస్తాను. అందుకని పరీక్ష పెట్టాను. పాత బ్యాటరీనే సమీర చేత పూర్తిగా నింపించి బండిలో పెట్టిస్తున్నాను. ఒక వారం లైట్లు వెలిగించను. మళ్ళీ నింపించి, తర్వాతి వారం వెలిగిస్తాను. ఏ వారం బండి పలుకుతుందో చూద్దాం. దీపం మానేశానని మాత్రం అనుకోకు. ఓడిపోయేది అరుణే.

అప్పలకొండమ్మ వేలిముద్ర

---

బారువ
25 ఆగస్టు 2025

వదినకి,

ఇన్నాళ్ళు నీ నుంచి జవాబు లేకపోతే ఏదో పనిలో ఉన్నావనుకున్నాను. ఏ పనిలో ఉన్నావో ఇప్పుడు తెలిసింది.

లలితకుమారి అన్న కొడుకు ప్రవీణ్‌కుమార్‌కి హౌరాలో ఉద్యోగం వచ్చింది కదా. వాడి చేత మీకు ఎండుచేపలు పంపించి, బండి ఎలా ఉందో చూసి రమ్మన్నాను. వాడు చూసి వచ్చి ఫోన్ చేశాడు. బానెట్ ఎత్తితే బ్యాటరీ ఉండాల్సిన చోటు ఖాళీ అట. తీగలు వేలాడుతున్నాయట. బ్యాటరీ నీ మంచం కింద, గోనెసంచి మీద, ఎర్ర దీపం వెలుగుతున్న ఏదో పెట్టె పక్కన ఉందట. వెనక సీటు కూడా బయటికి తీసి గోడకి ఆనించి ఉందట.

బండిని ముక్కలు చేసి అమ్ముకుంటున్నారన్నమాట! నేను నీకు రాసింది పెద్ద బ్యాటరీ వేయించమని. నా సలహాని వీధిలో నవ్వులపాలు చేశావు, సరే. అన్నయ్య పేరు చెప్పి దీపం పెట్టే చేతులతోనే ఆయన బండి పేగులు తీస్తావనుకోలేదు. అమ్మాలనుకుంటే నాతో ఒక మాట అంటే ఏం పోయేది? కాగితాల్లో పేరు నాదే కదా.

ముక్కలుగా పోయేకంటే ఒక్కసారే పోవడం మేలు. జయదేవ్‌కి సమ్మతి రాస్తున్నాను. రేపు పోస్టు చేస్తాను.

గోవిందరాజు

---

ఏక్‌బాల్‌పూర్
3 సెప్టెంబర్ 2025

గోవిందరాజా,

నీ ఉత్తరం అరుణ రెండుసార్లు చదివింది. మొదటిసారి గొంతు తగ్గించి చదివింది. అందుకే రెండోసారి చదివించాను.

నీ మేనల్లుడు ఎండుచేపల సంచి ఇచ్చాడు, బానెట్ ఎత్తాడు, మంచం కింద తొంగి చూశాడు, పెట్టిన టీ కూడా తాగకుండా పోయాడు. అడిగితే చెప్పడానికి నాకు నోరు లేదా? కుర్రాడు వచ్చిన వారమంతా మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. బండి లోపలికి నీళ్ళు చేరి సీటు తడిసింది, ఆరబెట్టాం. బ్యాటరీని నీళ్ళలో వదిలేస్తామా? ఇంట్లోకి తెచ్చి పొడిగా పెట్టాం. ఎర్ర దీపం పెట్టె అంటే చిన్న ఛార్జరు. ప్లగ్గుకి తగిలిస్తే బ్యాటరీకి ఎంత కావాలో అంతే పోసి ఊరుకుంటుంది. ముక్కలు చేసి అమ్ముకునేదాన్ని అయితే నీకు ఉత్తరాలు ఎందుకు రాయిస్తాను? నా నోటికి పని లేకా?

ఇక పరీక్ష మాట. లైట్లు వెలిగించని వారం, శనివారం నాడు తాళం తిప్పితే బండి గుర్రంలా లేచింది. వెలిగించిన వారం మూలిగింది. ఇంజను ఆడకుండా లైట్లు వెలిగిస్తే బ్యాటరీ ఖాళీ అవుతుందని, మళ్ళీ బండి తిప్పితే గాని నిండదని నేను కనిపెట్టాను. ఈ ముక్క రాస్తూ అరుణ మళ్ళీ దగ్గింది. దగ్గనీ. పరీక్ష పెట్టిందెవరు? నేను.

ఇప్పుడు శుక్రవారం నూనె దీపం పెడుతున్నాను, బండి ముందు ఇటుక మీద. మీ అన్నయ్య క్రేను మీద చీకట్లో పనిచేసిన మనిషి, ఆయనకి చిన్న దీపం చాలు.

తాజా సరుకు వచ్చిందని సమీర కబురు చేసింది. మూడో రకమే తీసుకున్నాను. పళ్ళెం కొలత పుల్లతో కొలిచి తీసుకెళ్ళాను, తీగ ఏ పక్కకి అందుతుందో అరుణ బొమ్మ గీసి తెచ్చింది. తేదీ పోయిన నెలది. పళ్ళెంలో పిల్ల ఉయ్యాలలో పడుకున్నట్టు కూర్చుంది. బండి ఊరికే ఉండే రోజుల్లో నల్ల తీగ విప్పేసి ఉంచాలట, లేకపోతే లోపలున్న గడియారం, పాటల పెట్టె కొంచెం కొంచెంగా తాగుతూనే ఉంటాయట. ఆ తీగ విప్పడం, బిగించడం నేనే చేస్తున్నాను. ఇంకొకళ్ళని చేయనివ్వడం లేదు.

బండి వారానికోసారి దూరంగా తిరిగి రావాలి అన్నప్పుడు మాత్రం చిక్కు వచ్చింది. ఢిల్లీశ్వరుడికి ఆదివారం కూడా షిఫ్టు. ఎవరు తోలతారని నేను తల పట్టుకుంటే, "నాను తోలతానత్తా" అంది అరుణ.

"నీకెప్పుడొచ్చే తోలడం?"

"నేర్చుకున్నాను. లైసెన్సు కూడా ఉన్నాది."

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

"నువ్వు కాళీఘాట్ ఎల్లినప్పుడల్లా."

ట్రంకుపెట్టెలో చీరల అడుగు నుంచి తీసి చూపించింది. నా కొడుక్కి తెలుసట! నేను గుడికి వెళ్ళి వీళ్ళిద్దరి కోసం మొక్కుకుంటుంటే వెనక జరిగిన వ్యవహారం ఇది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తాళం ఆమె చేతికిచ్చాను. ఆదివారాలు తోలుతోంది. నేను ఇంకా ఎక్కలేదు. పందెం తేలేదాకా ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాను.

సమ్మతి పంపకు. పంపితే నువ్వు నాకు మరిదివి కావు, నేను నీకు వదినని కాను. మీ అన్నయ్య మాత్రం మనిద్దరికీ ఉంటాడు, ఆయనకి నువ్వే జవాబు చెప్పుకో.

అప్పలకొండమ్మ

---

బారువ
9 సెప్టెంబర్ 2025

వదినా,

నీ ఉత్తరం ఇవాళ అందింది. సమ్మతి కాగితం అంతకు చాలా ముందే పోయింది. ఈపాటికి జయదేవ్ చేతిలో ఉంటుంది. ఫోన్ చేసి వద్దని చెప్పమంటోంది లలితకుమారి. ఏమని చెప్పను? ఒకసారి అవును, ఒకసారి కాదు అంటే నన్ను మళ్ళీ 'దాదా' అంటాడా? సంతకం పెట్టినవాణ్ణి, పెట్టాను.

బండి కదిలితే ఆ కాగితానికి విలువ లేదు కదా. కదలనీ. నేను ఇక్కడినుంచి అంతకంటే చేయగలిగింది లేదు. లలితకుమారి నాతో మాట్లాడడం మానేసింది. కూర మాత్రం వడ్డిస్తోంది.

గోవిందరాజు

---

ఏక్‌బాల్‌పూర్, కలకత్తా
18 సెప్టెంబర్ 2025

మరిది గోవిందరాజుకి,

కూర్చుని చదువు. లలితకుమారిని కూడా పక్కన కూర్చోబెట్టుకో. పైకి చదువు.

నిన్న విశ్వకర్మ పూజ. పొద్దున్నే ఆకాశం నిండా గాలిపటాలు. ఈ ఊళ్ళో ఆ రోజు రిక్షా నుంచి రైలు ఇంజను దాకా ప్రతిదానికీ బొట్టు పెడతారు. అలాంటి రోజున మా గుమ్మం ముందు తుక్కువాళ్ళ లారీ వచ్చి ఆగింది, గొలుసులతో సహా. క్లబ్బు వాళ్ళంతా దిగారు. మేడల మీద గాలిపటాలు ఎగరేసేవాళ్ళు కూడా దారాలు పట్టుకుని కిందికి చూస్తున్నారు.

జయదేవ్ జేబులోంచి కాగితం తీశాడు. తీసి, అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పక్కవాడికిచ్చాడు. వాడు ఇంకొకడికిచ్చాడు. గోవిందరాజా, బెంగాలీ క్లబ్బుకి నువ్వు పంపిన సమ్మతి తెలుగులో రాశావు! కింద నీ సంతకం తప్ప వాళ్ళకి ఏదీ ఏమిటో తెలియలేదు. కవరు వచ్చిన రోజు నుంచి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడట, ఎవరినీ అడగడానికి సిగ్గుపడి. ఈ వీధి మొత్తానికి తెలుగు చదవడం వచ్చినవాళ్ళు ఎవరు? మా అరుణ. చివరికి సిగ్గు చంపుకుని ఆమె చేతికే ఇచ్చాడు.

"ఠిక్ కోరే పోడున్, బౌది" అన్నాడు, వదినా సరిగ్గా చదువు అని. కోడలు అత్త పక్షాన కల్పించి చదువుతుందని అతని భయం.

"ఉన్నది ఉన్నట్టు సదువు. ఒక్క ముక్క మింగినా, ఒక్క ముక్క కలిపినా నిన్ను ఊరుకోను" అన్నాను నేను.

అరుణ తెలుగులో చదివి, వెంటనే బెంగాలీలో చెప్పింది. బండి కదలదని అందరి ముందూ తేలితేనే తీసుకెళ్ళండి అని రాశావు. తీసుకెళ్ళేటప్పుడు గొలుసు వేసి నేల మీద ఈడ్చవద్దు, ఎత్తి పెట్టుకోండి, అది మా అన్నయ్య బండి అని రాశావు. ఈ ముక్క విని లారీవాడు గొలుసు చప్పుడు కాకుండా కింద పెట్టాడు. నీ మీద కోపం నాకు అక్కడ సగం పోయింది. మిగతా సగం ఉంది, దాచి ఉంచాను.

"కదలకపోతే అన్నాడు కదా నా మరిది. అయితే సూడండి" అని అరుణకి తాళం ఇచ్చాను.

ఆమె ఎక్కింది. చెంగు దోపుకుంది. అద్దంలో చూసుకుంది. తాళం తిప్పింది.

ఏమీ లేదు. టిక్కు కూడా లేదు.

ఎవరో నవ్వారు. జయదేవ్ నవ్వలేదు, తల దించుకున్నాడు. ఢిల్లీశ్వరుడి మొహం తెల్లబడింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. రాత్రంతా ఛార్జరుకి పెట్టిన బ్యాటరీని పొద్దున మంచం కింద నుంచి తెచ్చి కూర్చోబెట్టింది ఎవరు? నా కొడుకు. నేను స్నానంలో ఉన్నాను.

"ఒరే, నల్ల తీగ బిగించినావా?"

"ఎర్రది బిగించానమ్మా..."

"ఎర్రది బిగిస్తే సగం బండి కదుల్తాదేటి?"

నేనే వెళ్ళాను. బానెట్ నేనే ఎత్తించాను. నల్ల తీగ పక్కకి పడి ఉంది, అమాయకంగా. దాన్ని తీసి దాని తల మీద పెట్టి, రెండు చేతులతో నొక్కి, పానాతో బిగించాను. చేతులు చీరకి తుడుచుకుని, "తిప్పవే!" అన్నాను.

తిప్పింది.

గోవిందరాజా, ఆ చప్పుడు నీకు రాయించలేను. మొదటి తిప్పుకే లేచింది. మూలగలేదు, దగ్గలేదు. గోడ మీద పావురాలన్నీ ఒక్కసారి ఎగిరాయి. మేడ మీద ఎవరో కేక వేశారు, ఆ కేక ఆ మేడ నుంచి ఈ మేడకి పాకింది. వాళ్ళు గాలిపటం తెగితే వేసే కేక అది, నిన్న నాకు వేశారు. జయదేవ్ వచ్చి నా కాళ్ళకి దండం పెట్టి, "హార్ మాన్‌లామ్, మాసీమా" అన్నాడు. ఓడిపోయానని ఒప్పుకోవడం. అలా నలుగురిలో ఒప్పుకున్న మనిషిని ఇక తిట్టబుద్ధి కాలేదు. క్లబ్బు పూజారి తన పళ్ళెంతో వచ్చి మన బండికే ముందు బొట్టు పెట్టాడు. కుర్రాళ్ళు సున్నం తెచ్చి మన బండి నిలబడే చోటు చుట్టూ గీత గీశారు. పందిరి తీశాక ఆ గీతలోకి వేరే బండి వస్తే తామే తోసేస్తామన్నారు. ఈ మాట జయదేవ్ చేత మూడుసార్లు అనిపించాను.

ఆ తర్వాత ముందు తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాను. డాక్ గోడ ఎంత దూరం? నాలుగు అడుగులు. గోడ రాగానే అరుణ ఆపబోయింది.

"ఆపకు. పోనీ."

"ఎక్కడికత్తా?"

"బ్యాటరీ నిండాలి కదా? పోనీ."

వంతెన ఎక్కించింది. గంగ దాటి షాలిమార్ దాకా వెళ్ళి, స్టేషన్ ముందు ఒక చుట్టు తిరిగి, మళ్ళీ వంతెన మీదుగా వచ్చాం. దారిలో ఒక బస్సువాడు హారన్ కొట్టాడు. అరుణ ఏమీ చలించలేదు. బాగానే తోలుతుంది. ఈ మాట నేను ఆమెతో అనలేదు, నీకు రాయిస్తున్నాను. ఆమె రాసుకుంటోంది.

ఇప్పుడు పని మాట. దుర్గపూజకి నువ్వూ లలితకుమారీ ఇక్కడికి రావాలి. రమ్మని అడగడం లేదు, చెబుతున్నాను. బండి కాగితాలన్నీ పట్టుకురా. పేరు మార్చాలి. నీ పేరు తీసి అరుణ పేరు పెట్టాలి.

ఇక్కడ కలం ఆగింది.

"రాయవే."

"ఏటని రాయనత్తా?"

"అరుణకుమారి అని రాయి. నీ పేరు నీకు రాయడం రాదేటి?"

రాసింది. ఈ పై వరుసలో అక్షరాలు చెదిరి ఉంటే అది నేను చెప్పడంలో లోపం కాదు.

షాలిమార్‌లో దిగాక టాక్సీల వెంట పడకు. మేమే వస్తాం. ఒక్క సంగతి ముందే చెప్పేస్తున్నాను, అక్కడ ప్లాట్‌ఫారం మీద తగువు వద్దు. ఇదివరకు ఎప్పుడూ బండి తోలేవాడివి నువ్వు, నీ పక్కన మీ అన్నయ్య, వెనక నేను, ఒళ్ళో అన్నం క్యారేజీ. ఇన్నేళ్ళూ ఈ ఊరు మీ ఇద్దరి తలల మధ్య నుంచి ఎంత కనబడితే అంతే చూశాను. నిన్న ముందు కూర్చుంటే వంతెన మీద గంగ ఈ చివర నుంచి ఆ చివర దాకా కనబడింది. ఆ సీటు ఇక నేను వదలను.

నువ్వు వెనక కూర్చో. క్యారేజీ నీ ఒళ్ళో పెడతాం. వంపుల దగ్గర రసం ఒలకకుండా గట్టిగా పట్టుకోవాలి.

నీ వదిన
అప్పలకొండమ్మ